రింగులో రంగు పంచాయితీ: పాఠకుల ప్రశ్నలు

ప్ర: జాక్ జాన్సన్ మొదటి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ కదా, మరి చాంపియన్ అయ్యాక తనే నల్ల బాక్సర్లకి ఛాన్స్ ఇవ్వలేదని ఎక్కడో చదివా, నిజమేనా సార్? నమ్మబుద్ధి కావట్లేదు. (ఓ పాఠకుడు, ఖమ్మం)

జ: చాలావరకు నిజమేనండి. కానీ ముందు ఆయన పడ్డ తిప్పలు చెప్పుకోవాలి, లేకపోతే ఊరికే ఆడిపోసుకున్నట్టుంటుంది. అప్పట్లో కలర్ లైన్ అని ఒకటుండేది, తెల్ల చాంపియన్ "నల్లవాడితో నేను ఆడను" అన్నాడంటే అంతే సంగతులు, అడిగే దిక్కు లేదు. జాన్ ఎల్ సలివన్ ఇలాగే నల్ల బాక్సర్ పీటర్ జాక్సన్‌ని దగ్గరికి రానివ్వలేదు, తర్వాత జెఫ్రీస్ కూడా టైటిల్ ఉన్నన్నాళ్లూ అదే మాట మీదుండి 1905లో ఓటమి లేకుండా రిటైరై పొలం చూసుకున్నాడు. కొన్నాళ్లకి చాంపియన్ అయిన టామీ బర్న్స్‌ని జాన్సన్ వదల్లేదు, ఇంగ్లండు, ఆస్ట్రేలియా అంటూ వెంటపడి 1908 డిసెంబర్ 26న సిడ్నీలో దొరకబుచ్చుకున్నాడు. 14వ రౌండ్లో పోలీసులు కలగజేసుకుని ఆపాల్సొచ్చింది, అంత ఏకపక్షం. డబ్బు మాత్రం బర్న్స్‌కి 30 వేల డాలర్లు, జాన్సన్‌కి 5 వేలు!

ఇక తెల్లవాళ్ల పత్రికలు ఊరుకుంటాయా, జెఫ్రీస్‌ని బతిమాలి పొలం నుంచి లాక్కొచ్చాయి, పాపం అతను బాగా లావెక్కిపోయి ఉన్నాడు, ఒళ్లు తగ్గించుకుని 1910 జులై 4న రీనోలో దిగి 15వ రౌండ్లో కుప్పకూలాడు. ఆ రాత్రి అమెరికాలో చాలా ఊళ్లలో గొడవలయ్యాయి, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. 1912లో ఏకంగా బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లకూడదని చట్టం కూడా తెచ్చారు.

సరే, మీ అసలు ప్రశ్న. శామ్ లాంగ్‌ఫర్డ్, జో జీనెట్, శామ్ మెక్‌వే అని ముగ్గురు గట్టి నల్ల బాక్సర్లు టైటిల్ కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయారు. 1906లో తనకంటే బాగా బరువు తక్కువున్న లాంగ్‌ఫర్డ్‌తో జాన్సన్ ఒకసారి ఆడి 15 రౌండ్లలో పాయింట్ల మీద గెలిచాడు, చాంపియన్ అయ్యాక మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఏంటంటే నల్లవాళ్లిద్దరు ఆడితే గేటు దగ్గర డబ్బు రాదు, తెల్లవాడితో ఆడితే జనం విరగబడతారు, పైగా లాంగ్‌ఫర్డ్ చేతిలో ఓడిపోయే రిస్కు. ఒక్క 1913 డిసెంబర్లో పారిస్‌లో బాట్లింగ్ జిమ్ జాన్సన్ అనే నల్ల బాక్సర్‌కి ఛాన్సిచ్చాడు, అది డ్రా. నా లెక్కలో జాన్సన్‌ది ద్వేషం కాదు, పక్కా వ్యాపారం, కానీ తను ఏ తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చాడో దాన్నే వెనకాల గడియపెట్టాడు. లాంగ్‌ఫర్డ్‌కి చివరికి చూపు పోయింది, 1944లో హార్లెమ్‌లో చేతిలో పైసా లేకుండా ఓ జర్నలిస్టుకి కనిపించాడు.

1915లో హవానాలో జాన్సన్ తెల్ల బాక్సర్ విల్లార్డ్ చేతిలో ఓడాక ఇంకా ఘోరం, 1937లో జో లూయిస్ గెలిచేదాకా మరో నల్లజాతి చాంపియన్ లేడు, అంటే 22 ఏళ్లు. హ్యారీ విల్స్ అనే నల్ల బాక్సర్ అయితే తెల్ల చాంపియన్ డెంప్సీతో ఫైట్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి ముసలాడైపోయాడు.

ప్ర: లూయిస్ చేతిలో ఓడిన జర్మన్ బాక్సర్ ష్మెలింగ్ నాజీయేనా? (ఓ పాఠకురాలు, హైదరాబాద్)

జ: కాదమ్మా, పార్టీలో ఎప్పుడూ చేరలేదు, మేనేజర్ జో జేకబ్స్ యూదుడు. 1936లో లూయిస్‌ని 12వ రౌండ్లో నాకౌట్ చేశాక హిట్లర్ మనుషులు ఫొటోలకి వాడేసుకున్నారు, అంతే. 1938 జూన్ 22న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఇద్దరూ మళ్లీ తలపడితే ష్మెలింగ్ మొదటి రౌండే దాటలేదు, 124 సెకన్లు! తర్వాత ఇద్దరూ మంచి దోస్తులయ్యారు.

ప్ర: ఈ తెలుపు నలుపు పబ్లిసిటీ ఎప్పటిదాకా నడిచింది? (ఓ పాఠకుడు, డల్లాస్)

జ: 1982లో కూడా నడిచిందండి. లాస్ వేగాస్‌లో నల్ల చాంపియన్ లారీ హోమ్స్, తెల్ల బాక్సర్ గెర్రీ కూనీ ఫైట్ మొత్తం అలాగే అమ్మారు. చాంపియన్‌ని చివర్లో పిలవడం ఆనవాయితీ, ఆ రోజు చాంపియన్ హోమ్స్‌ని ముందు పిలిచి కూనీని తర్వాత పిలిచారు. 13వ రౌండ్లో హోమ్స్ గెలిచాడు లెండి.