టీచర్లకు ఖగోళం నేర్పే ఉద్యోగం అసలు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసింది. ఇప్పుడు బీఈడీ రెండో ఏడాది. ఈమధ్య ఖగోళశాస్త్రం, అంతరిక్షం, వాతావరణ మార్పుల మీద టీచర్ల కోసం పెట్టిన ఒక ఆన్‌లైన్ శిక్షణలో కూర్చుంది. అప్పట్నుంచి తనూ టీచర్లకు ఇవే నేర్పుతానంటోంది. చుట్టాలేమో ‘డేటా సైన్స్ చేయించకుండా ఇదేం పిచ్చి’ అంటున్నారు. ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? ఆపమంటారా?
– ఒక తల్లి, మల్కాజ్‌గిరి

జవాబు: ఆపకండమ్మా. అలాగని ‘ఖగోళశాస్త్ర ట్రైనర్ కావలెను’ అని నోటిఫికేషన్ పడుతుందని ఎదురుచూస్తూ కూర్చోనివ్వకండి కూడా. టీచర్లకు ఈ సబ్జెక్టు నేర్పడమే పూర్తికాలపు ఉద్యోగంగా ఉన్నవాళ్లు మన దేశంలో చాలా తక్కువ. మిగతావాళ్లు బడి టీచర్లో, లెక్చరర్లో, ప్లానెటోరియంలో పనిచేసేవాళ్లో, పరిశోధకులో. ఆ కొలువులో ఉంటూనే ఈ పనీ చేస్తుంటారు. అందుకని మీ అమ్మాయి మొదటి మజిలీ బడే. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఎందుకంటే రేపు తను నిలబడాల్సింది ఇరవై ఏళ్ల సర్వీసున్న స్కూల్ అసిస్టెంట్ల ముందు. వాళ్లు పీపీటీలకు పడరు. ‘మేడమ్, మా క్లాసులో అరవై మంది, పీరియడ్ నలభై అయిదు నిమిషాలు, ల్యాబ్ గదిలో బియ్యం బస్తాలున్నాయి. ఇప్పుడు చెప్పండి’ అంటారు. దానికి బదులివ్వాలంటే అలాంటి క్లాసులో చాక్‌పీస్ పట్టి ఉండాలి.

ఈ శిక్షణలో ఏం చేస్తారో మీకూ తెలియాలి కాబట్టి ఒక్క పాఠం చెబుతాను. మిట్టమధ్యాహ్నం పన్నెండుకి సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరం అనుకుంటాం, సైన్స్ టీచర్లతో సహా. హైదరాబాద్‌లో సూర్యుడు నిజంగా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. అదీ పన్నెండుకి కాదు. మేలో 12.12కి, ఆగస్టులో 12.22కి కాస్త అటూ ఇటూగా. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. మన ఊరు 78.5 దగ్గరుంది. ఆ నాలుగు డిగ్రీలకే పదహారు నిమిషాల ఆలస్యం. మిగతా తేడా భూమి అక్షం వాలు వల్ల, కక్ష్య గుండ్రంగా లేకపోవడం వల్ల వస్తుంది.

చిక్కేమిటంటే మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు. అందుకే మంచి ట్రైనర్లు ఆ ఒక్క రోజు కోసం కాచుకుని కూర్చోరు. ఎండ కాసిన ఏ రోజైనా గ్రౌండ్‌లో కర్ర పాతించి, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా అయిదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర గుర్తు పెట్టిస్తారు. అతి పొట్టి నీడ పడిన వేళను రాయిస్తారు. నవంబరు మొదట్లో చేస్తే ఇంచుమించు సరిగ్గా పన్నెండుకే పడుతుంది. ఫిబ్రవరి నడుమ చేస్తే పన్నెండున్నరకు. రెండుసార్లూ తన చేత్తో చేసిన టీచరు ఆ పాఠాన్ని ఇక గైడ్ చూసి చెప్పరు. ఖర్చు ఒక కర్ర, నాలుగు సుద్దముక్కలు.

వాతావరణ మార్పుల సంగతికొస్తే పని ఇంకా ఎక్కువుంది. భూమి వేడెక్కడానికి ఓజోన్ పొరలో చిల్లే కారణమని నమ్మేవాళ్లు స్టాఫ్‌రూముల్లో ఇప్పటికీ దొరుకుతారు. 2020 అక్టోబరులో మన కాలనీలు మునిగిన రాత్రిని ఏ పిల్లాడూ మర్చిపోలేదు. ఆ ఒక్క వాననే రుజువుగా చూపిస్తే తప్పు. అసలు సంబంధమే లేదని కొట్టిపారేసినా తప్పే. ముప్ఫై ఏళ్ల లెక్కలు ముందేసుకుని చూడటం, పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280) దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటిందంటే అర్థమేమిటో చెప్పడం టీచర్‌కి ఎవరో ఒకరు నేర్పాలి. తెలుగులో నేర్పేవాళ్లు మరీ తక్కువ. మీ అమ్మాయికి అసలు అవకాశం ఇక్కడే ఉందని నా అంచనా.

ఊరు కూడా కలిసొచ్చింది. బాలానగర్‌లో ఉపగ్రహాలతో భూమిని పరిశీలించే ఇస్రో కేంద్రం ఎన్ఆర్‌ఎస్‌సీ ఉంది. వాళ్ల ‘భువన్’ పోర్టల్‌లో మన చెరువుల ఉపగ్రహ చిత్రాలు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో ఉంది. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం 1985 నుంచీ నడుస్తోంది. తను చదివిన ఉస్మానియాకే జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో అబ్జర్వేటరీ ఉంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడ కెమెరాలు పెట్టి చూస్తుంటే, జనం తలుపులేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. గ్రహణం నాడు పిల్లల్ని బయటికి తీసుకురావడానికి హెడ్మాస్టర్‌ని ఎలా ఒప్పించాలన్నది కూడా ట్రైనర్ నేర్పాల్సిన విద్యే. సిలబస్‌లో ఉండదంతే.

ఇక దారి. బీఈడీ అవగానే టెట్, డీఎస్సీ, గురుకులాల నోటిఫికేషన్లు వదలొద్దు. ప్రభుత్వ శిక్షణలు నడిచేది రిసోర్స్ పర్సన్ల (ఆర్పీలు, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు) మీద, ఆ ఆర్పీలను తీసుకునేది ఎక్కువగా సర్వీసులో ఉన్న టీచర్లలోంచే. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక మంచి డెమో ఇచ్చినవాళ్ల పేరు మండలానికి, అక్కణ్నుంచి జిల్లాకు, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీకి చేరుతుంది. ప్రైవేటులో చేరినా పర్లేదు, క్లాసు ఉంటే చాలు. బీఈడీ కాలేజీలో గానీ డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) గానీ చెప్పాలనుకుంటే ఎంఈడీ, ఆపైన నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) గురించి ఆలోచించాలి. పరిశోధన మీద మనసుంటే ముంబైలో హోమీ భాభా సెంటర్ సైన్స్ ఎడ్యుకేషన్‌లోనే పీహెచ్‌డీ ఇస్తుంది. నన్నడిగితే రెండు మూడేళ్లు పాఠం చెప్పాకే అక్కడికి వెళ్లాలి, అప్పుడే అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి.

స్కూళ్లకు ‘స్పేస్ ల్యాబ్’లు అమ్మే కంపెనీలు ట్రైనర్ అనే పేరుతోనే ఉద్యోగమిస్తాయి. కొన్ని మంచివే. ఆఫర్ లెటర్‌లో నెలకు ఇన్ని స్కూళ్లను చేర్పించాలని టార్గెట్ ఉంటే మాత్రం అది సేల్స్ ఉద్యోగం.

జీతం విషయంలో దాపరికం వద్దు. సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడదు. ఆర్పీగా వెళ్తే వచ్చేది దారిఖర్చులకు సరిపోతే అదే గొప్ప. ఇల్లు గడిచేది టీచర్ జీతం మీదే. మీ చుట్టాల మాటలో పనికొచ్చేది ఒకటుంది, పైథాన్ నేర్చుకోమనండి. ఉష్ణోగ్రతల లెక్కలు గ్రాఫు గీయడానికైనా, టెలిస్కోపు డేటా చూడటానికైనా అక్కరకొస్తుంది.

శిక్షణల కోసం డబ్బు పోయనక్కర్లేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం విద్యా కార్యాలయం ఏటా టీచర్ల కోసం ఆన్‌లైన్ వర్క్‌షాప్ ఉచితంగానే పెడుతుంది. దాని భారత కేంద్రం పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ అయూకాలో ఉంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ పెట్టే రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో భూమిని పరిశీలించే విద్య) ఆన్‌లైన్ కోర్సులూ ఉచితమే. పాఠ్యాంశాల్లో క్లైమేట్‌ను కలిపి చెప్పే పాఠ ప్రణాళికలు సైన్స్ విద్యాసంస్థ ఐసర్ పుణె నుంచి నడిచిన ట్రాప్ ఐసీఎస్‌యూ ప్రాజెక్టు పేరుతో నెట్‌లో దొరుకుతాయి. ఇవి ఉండగా వారాంతపు సర్టిఫికెట్‌కి వేలకు వేలు అడిగేవాళ్లెవరైనా ఫోన్ చేస్తే, ఆ డబ్బుతో ఓ మోస్తరు బైనాక్యులర్ కొనివ్వండి.