మిర్యాలగూడ ఇంటికి భూకంప బీమా: మీ ప్రశ్నకు సమాధానం

అన్నా, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి మీ మేడ మెట్ల దగ్గర గోడ పగిలిందని, అప్పటి నుంచి అమ్మకు టెన్షన్ అని రాశారు. హోమ్ లోన్‌తో వచ్చిన బీమా చాలా అని కదా మీ ప్రశ్న?

ముందు ఆ కాగితం తీసి చదవండి. లోన్‌తో అంటగట్టేది చాలాసార్లు ప్రాణ బీమా. గోడలు కూలితే దాంతో పని లేదు. మీరు అడగాల్సింది ‘భారత్ గృహ రక్ష’. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న ప్రామాణిక పాలసీ ఇది, ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల నిబంధనలు ఒకటే. అగ్నిప్రమాదం, వరదతో పాటు భూకంపం కూడా అందులోనే ఉంటుంది. ఇంటి విలువ రాయించేటప్పుడు స్థలం ధర కలపొద్దు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే లెక్క. అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. నగలకు మాత్రం విడిగా అడిగి తీసుకోవాలి. ఇప్పటికే ఉన్న పగులుకు క్లెయిమ్ రాదు. ఇంజినీరుకు చూపించి బాగు చేయించండి, పాలసీకి ముందే ఇల్లంతా ఫొటోలు తీసుకోండి.

మన వైపు పెద్ద భూకంపాల ముప్పు తక్కువే. నాకైతే ఊళ్లోని పాత మట్టి, రాతి గోడల ఇళ్ల గురించే దిగులు.

బీరువాను గోడకు బిగించండి, సజ్జ మీది ఇత్తడి బిందెలు దించేయండి. భూమి ఊగుతుంటే మెట్ల మీదికి పరుగెత్తకుండా గట్టి బల్ల కింద దూరమని అమ్మకు చెప్పండి. ఆగాక గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి బయటికి రావాలి.