పిల్లలకి బీపీ ఏంటని వదిలేయకండి, మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ బాబుకి పదకొండేళ్లు, జ్వరమని తీసుకెళ్తే బీపీ 126/82 ఉందన్నారు, బరువు తగ్గించమన్నారు, ఇంట్లో పెద్దవాళ్లేమో "ఈ వయసులో బీపీ ఏంటి, మెషిన్ పాడై ఉంటుంది" అంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే మాట విన్నానండి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మావాడికి అప్పుడు పదమూడు నిండాయి. 154 సెంటీమీటర్ల ఎత్తు, 71 కేజీలు. స్కూల్లో హెల్త్ క్యాంప్ పెట్టి 146/92 అని చీటీ రాసి పంపారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ముందు వాణ్ణి వీపు ఆనించి, పాదాలు నేలకి తగిలేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. తర్వాత చేతికి పట్టీ చుట్టి గాలి కొడితే అది చాలక పర్రుమని ఊడిపోయింది. పెద్ద పట్టీ తెప్పించి చూస్తే 134/84. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుందని, లావుగా ఉన్న పిల్లల దగ్గర ఈ పొరపాటు తరచూ జరుగుతుందని అప్పుడే తెలిసింది. కాబట్టి మీ ఇంట్లోవాళ్ల అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు, కానీ దాన్ని పట్టుకుని ఊరుకోకూడదు కూడా. మాకు వారం వారం తేడాతో ఇంకో రెండుసార్లు చూశారు, 136/84, 132/82 వచ్చాయి. ఇలా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ వస్తేనే బీపీ అని ఖాయం చేస్తారు. 13 దాటిన పిల్లలకి 120/80 లోపు ఉండాలి, 130/80 నుంచి బీపీ కిందే లెక్క. అంతకన్నా చిన్నపిల్లలకి వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పట్టికలో పోలుస్తారు, ఆ లెక్కన పదకొండేళ్లకి 126/82 ఎక్కువే.

యూరిన్, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష), షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు రాశారు, కిడ్నీ స్కాన్ చేయించారు. చేతికే కాకుండా కాలికి కూడా బీపీ చూశారు, ఎందుకంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఒకచోట ఇరుకుగా ఉన్నా పిల్లల్లో బీపీ వస్తుందట. లావు వల్లే అని ముందే అనేసుకుని ఈ పరీక్షలు దాటేయకండి. మావాడికి అవేమీ లేవు, కానీ లివర్‌లో కొవ్వు ఉంది.

ఇంకొకటి. వాడి మెడ వెనక నల్లగా, మందంగా ఉండేది. ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దేదాన్ని, మంటమ్మా అని వాడు ఏడ్చినా వదిలేదాన్ని కాదు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు అని డాక్టర్ చెప్పినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

నేను చేసిన పెద్ద తప్పు మొదటి నెలలో. మా అందరికీ పూరీలు, వాడొక్కడికీ జొన్నరొట్టె. మూడో వారంలో బీరువా వెనక ఊడుస్తుంటే మడతలు పెట్టి దాచిన చిప్స్ కవర్లు తొమ్మిది దొరికాయి. తిట్టబోయి వాడి మొహం చూసి ఆగిపోయాను. పెళ్లిళ్లలో చుట్టాలు "బొండాం" అని పిలుస్తుంటే నవ్వి ఊరుకునేవాడు, అదంతా లోపలే పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో బరువు అనే మాట ఆపేశాం, వంట అందరికీ ఒకటే చేశాం.

ఉప్పు లెక్క వేస్తే నాకే భయమేసింది. పెద్దవాళ్లకే రోజుకి ఐదు గ్రాముల లోపు ఉండాలంటారు, అంటే నలుగురున్న ఇంట్లో కేజీ ప్యాకెట్ యాభై రోజులు రావాలి. మాకు ఇరవై ఆరు రోజులకే అయిపోయేది, అదీ ఆవకాయ, అప్పడాలు, బయటి నూడుల్స్ కలపకుండా! ప్యాకెట్ మీద తెరిచిన తారీఖు రాయడం మొదలుపెట్టాను. పెరుగన్నంలో ఉప్పు మానేశాం, ఆవకాయ డబ్బా బల్ల మీంచి తీసేశాం, రోజూ వేయించే అప్పడాలు ఆదివారానికే. కూరల్లో నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లి పెంచాను. మా అత్తయ్యగారు పది రోజులు చప్పగా ఉందన్నారు, తర్వాత ఆవిడే బయట కూర తిని ఉప్పు ఎక్కువైందన్నారు. సోడియం తక్కువ ఉప్పు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా కొనకండి, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ప్రమాదం. అన్నం మానిపించలేదు, కంచంలో ముందు పప్పు, ఆకుకూర పెట్టి అన్నం తర్వాత వడ్డించాను. కూల్ డ్రింకులు, జ్యూస్ డబ్బాలు ఇంటికి తేవడం మానేశాం.

రోజుకి గంట ఒళ్లు అలిసే ఆట ఉండాలన్నారు. బడి, తర్వాత ఏడింటి దాకా ట్యూషన్, ఇక ఎక్కడ ఆడతాడు? ట్యూషన్ వారానికి మూడు రోజులకి తగ్గించాం, ఈ నిర్ణయానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. మిగతా రోజులు కింద షటిల్, సైకిల్. ఫోన్ రాత్రి తొమ్మిదిన్నరకి హాల్లో పెట్టేస్తాం, మా ఫోన్లు కూడా. గురక ఉందా అని డాక్టర్ అడిగారు, ఉంటే ఈఎన్‌టీకి చూపించమన్నారు, నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడకపోయినా బీపీ పెరుగుతుందట.

తొమ్మిది నెలలకి వాడి బరువు 69 కేజీలు. రెండు కేజీలేనా అనుకోకండి, ఎత్తు 160 అయింది, బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, 30 నుంచి 27కి దిగింది. ఎదిగే పిల్లల్లో బరువు పెరక్కుండా నిలబడినా అది తగ్గినట్టే. బీపీ 122/76, ఇంకా కొంచెం ఎక్కువే, మూడు నెలలకోసారి చూపిస్తున్నాం. మందు అవసరం రాలేదు, అందరికీ అలాగే ఉండదు, కొందరికి మొదట్లోనే ఇస్తారు, ఇస్తే భయపడి మానేయకండి.

ఇంటికి మెషిన్ కొనాలనుకుంటే మణికట్టుది వద్దు, జబ్బకి చుట్టేదే కొనండి, బాబు జబ్బ చుట్టుకొలత కొలిచి సరిపడే పట్టీ అడగండి. ఈలోపు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్ లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేకపోతే ఈ వారంలోనే రెండోసారి చూపించండి, గురక ఉందా, మెడ నల్లబడిందా, ఇంట్లో ఎవరికి బీపీ ఉంది, ఏ మందులు వాడుతున్నాడు అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. అంకె ఎంత వచ్చిందో ఇక్కడే కింద రాయండి, నేను చూస్తాను.