పిల్లల డాక్టర్ల పీజీ శిక్షణను మన జిల్లాలకు తగ్గట్టు ఎలా మార్చాలి?

ఎండీ పీడియాట్రిక్స్ 3 ఏళ్ల కోర్సు. అందులో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయడం ఇప్పటికే తప్పనిసరి. మార్పు అక్కడే మొదలవ్వాలి. నల్గొండలో పీజీలను మర్రిగూడ వైపు ఊళ్లకు పంపాలి. పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు చూసి, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో అడగడం అలవాటవుతుంది. పాలమూరులో వలస కుటుంబాల పిల్లల టీకా కార్డులు చూపించాలి; ఆగిన డోసులను మొదటికి రాకుండా ఆగిన చోటి నుంచే కొనసాగించడం తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డ. మొదటి నిమిషంలోపే బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి), మాస్కుతో శ్వాస ఇవ్వడం మొదలుపెట్టాలి. మాస్కు గడ్డాన్నీ నోటినీ ముక్కునూ కప్పాలి, కళ్ల మీదికి రాకూడదు, ఛాతీ పైకి లేవాలి. ఇది శిక్షణకు వాడే బిడ్డ బొమ్మ మీద పీజీలతో నెలనెలా చేయించాలి. ఏడాదికో వర్క్‌షాప్ పెడితే చేతికి అలవాటు కాదు.