చీటీలు పక్కన పెట్టండి బ్రదర్

వందనాలు బ్రదర్. బెంగళూరు ఉద్యోగంలో చేరాలా, గుంటూరులోనే అమ్మ దగ్గర ఉండిపోవాలా అని ప్రార్థన చేసి చీటీలు వేస్తే, ఒకసారి వెళ్ళమని, ఒకసారి వద్దని వచ్చిందని రాశారు. వస్తుంది మరి, చీటీ పనే అది! బైబిల్లో గిద్యోను దేవుణ్ణి సూచన అడుగుతూ ఉన్ని పరిచాడు కదా అంటారేమో. న్యాయాధిపతులు 6వ అధ్యాయం మళ్ళీ చదవండి. ఏం చేయాలో దేవుడు అతనికి ముందే చెప్పాడు, ఉన్ని సంగతి ఆ తర్వాతిది.

నాకు అసలు పట్టుకున్న మాట వేరు. రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు సర్టిఫికెట్ పెట్టిస్తామని కన్సల్టెన్సీ వాళ్ళు అన్నారని మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. దీనికి ఏ సూచనా అక్కర్లేదు. ఒకనితో ఒకడు అబద్ధమాడకుడి అని కొలస్సయులు 3:9లో తేటగా ఉంది. అందరూ పెట్టిస్తున్నారు, నిజమే. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, దొరక్కపోతే రోజూ టెన్షన్. ఫ్రెషర్‌గా తీసుకుంటారేమో నేరుగా కంపెనీనే అడగండి. కాదంటే వదిలేయండి.

కంపెనీ ఒప్పుకుంటే మాత్రం మిగతాది కూర్చుని లెక్క చూసుకోవాల్సిందే. ఆదివారం సెలవుందా, పీజీ అద్దె పోను ఇంటికి ఎంత పంపగలరు, అమ్మ బీపీ మాత్రలు ఎవరు తెచ్చిపెడతారు? అమ్మ "నీ ఇష్టం నాన్నా" అంటుంది, అక్కడితో ఆగకుండా రెండోసారి అడగండి. యాకోబు 1:5 జ్ఞానం అడగమంటోంది, అది ఇలాంటి లెక్కలకే. రెండింటిలోనూ పాపం లేకపోతే ఏది ఎంచుకున్నా భయపడకండి.

కంపెనీ ఏమందో ఇక్కడే రాయండి.