కర్నూలులో కొత్త వెంచర్‌లో రోడ్లు వేయడానికి ముందే అనుమతి కావాలా?

కావాలి, లేఅవుట్ ప్లాన్‌కు తాత్కాలిక ఆమోదం వచ్చాకే రోడ్లు, డ్రైనేజీ, నీటి పైపుల పని మొదలుపెట్టాలి, అవి పూర్తయ్యాకే తుది ఆమోదం వస్తుంది. తర్వాత ఆ రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకే అప్పగించాలి కాబట్టి వెడల్పు, వాలు ముందే తేలాలి. వాలు తప్పితే పెద్ద వానకు మురుగు గడపల ముందే నిలుస్తుంది. పాపం, మళ్లీ తవ్వించే ఖర్చు చివరికి ప్లాట్లు కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది.

ఉదాహరణకు నంద్యాల రోడ్డు వైపు 5 ఎకరాల్లో వెంచర్ వేస్తే, కనీసం 10 శాతం, అంటే అరెకరం ఖాళీ స్థలంగా వదలాలి. పనులకు హామీగా కొన్ని ప్లాట్లు తనఖా పెట్టాలి. అవి విడుదలయ్యేదాకా అమ్మకూడదు.

రిజిస్ట్రేషన్ అయితే అనుమతి ఉన్నట్టేనని చాలామంది పొరబడతారు. అది ప్లాటు చేతులు మారిందనే చెబుతుంది. ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు అడిగి, కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో సరిచూసుకోండి.