గాలి బుడగల కుషన్ వేసినా పిరుదు మీద మచ్చ పడుతుంటే

ప్రశ్న: నడుము దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మా తమ్ముడు రోజంతా వీల్‌ఛైర్‌లోనే ఉంటాడు. గాలి బుడగల కుషన్ కొన్నా కుడి పిరుదు ఎముక మీద మచ్చ వస్తోంది. కుషన్ మార్చాలా?

అప్పుడే మార్చకండి, ముందు మచ్చను చూడండి. బరువు పూర్తిగా తీసేసిన అరగంటకి కూడా పోలేదంటే, లేదా వేలితో నొక్కినా తెల్లబడకపోతే, లోపల కండ దెబ్బతినడం మొదలైందనే అనుకోండి. అది తగ్గేదాకా ఆ ఎముక మీద కూర్చోబెట్టొద్దు, డాక్టరుకి చూపించండి. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా తెలీదు కాబట్టి కంటిని నమ్ముకోకుండా తడిమి చూడాలి. పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగిలితే అదీ గుర్తే.

ఇక గాలి. ఇలాంటి కుషన్లలో ఎక్కువగా జరిగే పొరపాటు గాలి బిగించి కొట్టడమే. అప్పుడు మనిషి బుడగల్లోకి దిగడు, వాటి మీద తేలుతాడు. బరువంతా రెండు ఎముకల మీదే పడుతుంది. మరీ తక్కువైతే ఎముక అడుగుకి తగులుతుంది. అందుకని ముందు కాస్త ఎక్కువే నింపి వాల్వ్ మూయండి. రోజూ వేసుకునే బూట్లతో, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టించి, ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చోబెట్టండి. తొడ కొద్దిగా ఎత్తి, బుడగలకీ పిరుదుకీ మధ్య చెయ్యి పోనిచ్చి, అన్నిటికన్నా కిందికున్న ఎముక పట్టుకుని, తొడ దించేయండి. చెయ్యి అక్కడే ఉంచి వాల్వ్ తిప్పి గాలి వదలండి. వేళ్ళ కొసలు కష్టంగా కదిలే దగ్గర ఆపాలి. అప్పుడు ఎముకకీ కుషన్ అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా ఉండాలి. ఇది రోజూ ఒకసారి చూసుకోవాల్సిన పని. కొండ ప్రాంతానికి వెళ్ళినా, విమానం ఎక్కినా మళ్ళీ చూడాలి.

మీరు కుడివైపే అంటున్నారు, అది ముఖ్యమైన ఆనవాలు. కుర్చీ గుడ్డ సీటు ఉయ్యాలలా జారిపోయిందేమో చూడండి. అలా ఉంటే నడుము ఒక పక్కకి ఒరుగుతుంది, కుషన్ కింద గట్టి పలక వేయాలి. కుడి ఫుట్‌రెస్ట్ ఎత్తుగా ఉన్నా మోకాలు పైకి లేచి, తొడ మోయాల్సిన బరువు ఎముక మీదికి వస్తుంది. తొడ మోకాలి దాకా కుషన్‌కి ఆనుకునేలా ఫుట్‌రెస్ట్ దించండి. వెనక జేబులో పర్సు, లావు కుట్ల జీన్స్ కూడా వద్దు. కుషన్ మీద తువ్వాలు మడిచి వేస్తే బుడగల పనితనమంతా పోతుంది. మధ్యలో కన్నం ఉండే రింగ్ దిండ్లు అసలే వద్దు, అంచు దగ్గర రక్తం ఆడదు.

ఎంత మంచి కుషనైనా బరువు దించడం తప్పదు. చేతుల మీద ఒక్క క్షణం లేచి కూర్చుంటే సరిపోదు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒత్తిడి తీసేశాక ఆ చోట చర్మంలో ఆక్సిజన్ మామూలు స్థాయికి రావడానికి సగటున 1 నిమిషం 51 సెకన్లు పట్టింది. అంతసేపు చేతుల మీద ఎవరూ ఉండలేరు, పైగా భుజాలు అరిగిపోతాయి. బ్రేకులు వేసి, మోచేతులు మోకాళ్ళకి ఆనేలా ముందుకి వంగి రెండు నిమిషాలు ఉండమనండి. లేదంటే పక్కనున్న బల్లకి ఆనుకుని ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఒరగొచ్చు. ఫోన్‌లో అలారం పెట్టాల్సిందే, స్పర్శ లేని చోట ఒళ్ళు గుర్తుచేయదు.